పాత బరువు ట్రాలీయా? క్రొత్త తేలిక ట్రాలీయా?

మన సంఘసభ్యులలో పలువురు ఇటీవల ఒకే ప్రశ్న వేయుచున్నారు. ట్రాక్టరు చేతికి వచ్చినది. దాని వెనుక కట్టుటకు ట్రాలీ కావలయును. ఒకచోట పదునైదు ఇరువది యేండ్ల క్రిందట మంచి పేరుగల కార్ఖానాలో మందమైన ఇనుముతో చేసిన పాత ట్రాలీ అమ్మకమునకు ఉన్నది. మఱొకచోట కొంచెము ఎక్కువ సొమ్మునకు పలుచని రేకుతో తేలికగా చేసిన క్రొత్త ట్రాలీ దొరకుచున్నది. ఈ రెంటిలో ఏది కొనదగును? పెద్దలు “ఇనుమున్నదే గట్టిది, పాతదానినే తీసికొనుము” అనుచున్నారు. చిన్నవారు “తేలికది కొన్నచో డీసెలు మిగులును” అనుచున్నారు. రెండు మాటలలోను సగము నిజము కలదు. తక్కిన సగము తెలియక బేరము చేసినచో చేతిసొమ్ము పోవుటయే గాక ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున ఈ విషయమై మా అభిప్రాయమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

మన సీమలో వ్యవసాయమనగా సగము పండించుట, సగము మోయుట. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి వాన పడినంతనే జిగట పట్టి చక్రమును వదలదు. ఎండిన వెనుక బీటలు వాఱి గాడులు పడును. పత్తికొండ, డోన్, రాయచోటి వైపు ఎఱ్ఱనేలలలో గులకరాళ్లును వంకలును అడ్డము వచ్చును. ఏటికి 600 మొదలు 700 మిల్లీమీటర్ల వానతో, అదియు నమ్మరాని వానతో, పండించిన పంటను వేళకు అంగడికి చేర్చలేకున్న పడిన పాటు వ్యర్థము. ప్రత్తియు వేరుసెనగయు ఆదోనికి, ఉల్లి కర్నూలునకు, పసుపు కడపకు పోవలయును. ఎరువు చేనికి చేరవలయును. పశువుల మేత ఇంటికి రావలయును. 1876–78 నాటి మహాక్షామమున మేతలేక ఎద్దులు చచ్చుటచే, రైలుస్టేషన్లకు వచ్చిన ధాన్యమును సైతము పల్లెలకు చేర్చుట కష్టమయ్యెను. లాగెడి సాధనము చెడినచో ధాన్యముండియు ఆకలి తీరదని ఆనాడే మన ప్రాంతము నేర్చినది.

ఇట్టి ప్రశ్న మనకు క్రొత్తదియు కాదు. ఇనుపపట్టా వేసిన కఱ్ఱచక్రముల బండికిని, రబ్బరు టైర్ల బండికిని నడుమ మన తాతలు తండ్రులు ఇదే తర్కము చేసిరి. తుమ్మచేవతో చేసిన చక్రము, ఊరి వడ్రంగియు కమ్మరియు బాగుచేయగల ఇరుసు, గాడులను దాటించు ఎత్తు, ఇవి పాతబండి సుగుణములు. టైరుబండికి ముల్లు గ్రుచ్చుకొనును, గాలి పోవును. అయినను బాటమీద అవే యెద్దులు ఎక్కువ బరువును తక్కువ ఆయాసముతో లాగినవి. తుదకు టైరుబండియే గెలిచినది. దానిని గెలిపించినది క్రొత్తదనము కాదు. ఎద్దు మెడమీది శ్రమ తగ్గుటయే. పాతబండిని అంతకాలము నిలిపినది పట్టుదల కాదు. ఊరిలోనే మరమ్మతు దొరకుటయే. లాగుడు ఎంత, మరమ్మతు ఎక్కడ అను ఈ రెండు కొలతలను నేటి ట్రాలీకిని వర్తింపజేయవలయును.

దూరదేశములందును ఈ చర్చ కలదు. అమెరికాలో ఇంటివలె అమర్చిన పెద్ద ట్రాలీలను మోటారు బండికి తగిలించుకొని దేశసంచారము చేయువారున్నారు. ఆ ట్రాలీలలో ఒక తరగతికి ‘ఐదవ చక్రము’ అని పేరు. ఇది చక్రముల లెక్కను బట్టి వచ్చిన పేరు కాదు. గుఱ్ఱపుబండ్ల కాలమున ముందు ఇరుసు ఇటునటు తిరుగుటకై దానిపై పడుకోబెట్టిన ఇనుప వలయమును ఐదవ చక్రమనిరి. మన నాలుగు చక్రముల ట్రాలీ ముందుభాగమున తిరుగు వలయమును ఆ జాతిదే. అచ్చటివారును పాతకాలపు ఖరీదైన బరువు బండి మేలా, క్రొత్త తేలిక బండి మేలా యని వాదించుకొనుచుందురు. వారి వాదములో మనకు పనికివచ్చు మాట ఒకటి కలదు: లాగెడిదాని శక్తిని ముందు చూచి, ఆ పిమ్మటనే వెనుక తగిలించుదానిని ఎంచవలయును. మనవారు తరచుగా దీనికి విరుద్ధముగా చేయుచున్నారు. చవుకగా దొరకిన ట్రాలీని ముందు కొని, ట్రాక్టరు దానిని ఎట్లో లాగునని అనుకొనుచున్నారు.

లాగుడు లెక్కను కొంచెము చూతము. మంచి తారుబాటపై గాలి టైర్లతో నడచు బండికి మొత్తము బరువులో నూటికి రెండు మూడు వంతుల లాగుడు చాలును. మెత్తని దుక్కినేలలో అదియే నూటికి పదునైదు, ఇరువది వంతుల వఱకు పోవును. ఇక ఎత్తు ఎక్కునప్పుడు, పది అడుగులకు ఒక అడుగు లేచెడి బాటపై, నేల లాగుడు గాక మొత్తము బరువులో పదవవంతు అదనముగా లాగవలయును. ఈ లెక్కలో సరకు బరువునకును ట్రాలీ సొంత బరువునకును భేదము లేదు. సరకు లాగినందుకు కూలి వచ్చును. ఇనుము లాగినందుకు ఎవ్వరును కూలి ఇయ్యరు.

ఉదాహరణకు పాత ట్రాలీ సొంత బరువు 1,800 కిలోలనియు, క్రొత్తదాని బరువు 1,200 కిలోలనియు అనుకొందము. మీ ట్రాక్టరు మీ బాటలో సురక్షితముగా లాగగల మొత్తము 5,000 కిలోలు అయినచో, పాతదానిలో 3,200 కిలోల సరకు పట్టును. క్రొత్తదానిలో 3,800 కిలోలు పట్టును. 40 కిలోల మూటలుగా ఎంచినచో ఒక్కొక్క విడతకు 15 మూటలు అధికము. ఇంతియే కాదు. అంగడికి నిండుగా పోయిన ట్రాలీ ఊరికి ఉత్తదిగా వచ్చును. అంగడి 20 కిలోమీటర్ల దూరమున ఉండి, ఏటికి 40 సార్లు పోయివచ్చినచో 1,600 కిలోమీటర్లు అగును. అంతదూరము ఆ 600 కిలోల అదనపు ఇనుమును ఊరకయే లాగుచున్నామన్నమాట. ఆ డీసెలు ఖర్చును, ఆ టైర్ల అరుగుదలను పాత ట్రాలీ వెలలో చేర్చి చూచువారు అరుదు.

అయినచో తేలికదే మేలని తేల్చివేయవచ్చునా? తేల్చరాదు. ఏ సరకు మోయుదుము అన్నది ముఖ్యము. పది అడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిలో 120 ఘనపుటడుగుల చోటు ఉండును. దానిని తడి చెఱువుమట్టితో నింపినచో సుమారు 5 టన్నులు తూగును. అదే తొట్టిని వేరుసెనగ కట్టెతోనో జొన్నచొప్పతోనో అంచుల వఱకు నింపినను ఒక టన్ను నిండదు. మేతను పైకి ఎంత పేర్చినను చోటు చాలకపోవునే గాని బరువు మించదు. ప్రత్తియు ఇట్టిదే. ఇట్టి సరకునకు మందమైన ఇనుము వృథా. మట్టి, ఇసుక, బేతంచెర్ల బండలు, బాగుగా మాగిన తడి పేడయెరువు వేఱు జాతి. వీనిని పలుచని ట్రాలీలో నింపినచో అడుగు రేకు క్రుంగును, అడ్డపట్టీల అతుకులు విడును, ఇరుసు వంగును. రెండేండ్లలో క్రొత్త ట్రాలీ పాతదానికంటె పాతది యగును. బండలు పైనుండి పడవేయుచోట పలుచని రేకు ఒక్క ఋతువు నిలిచినను గొప్పయే.

ఇంతవఱకు లాగుట గుఱించి చెప్పితిమి. ఆపుట అంతకంటె పెద్ద సంగతి. 35 మొదలు 45 అశ్వశక్తి గల ట్రాక్టరు తాను సుమారు రెండు టన్నులు తూగును. దాని వెనుక ఐదు టన్నులు నిండిన ట్రాలీ ఉండి, ఆ ట్రాలీకి బ్రేకులు లేకున్నచో, ఏడు టన్నులను ట్రాక్టరు వెనుక చక్రములు రెండే ఆపవలయును. సమతలమున అలవాటుగా ఆగును. పల్లమున ట్రాలీ ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. మలుపువద్ద ట్రాక్టరు ప్రక్కకు మడతపడి బోర్లపడును. కడపకును రాయచోటికిని నడుమ గువ్వలచెరువు కనుమ త్రోవ ఎఱిగినవారికి పల్లమున బరువు ఏమి చేయునో వేఱుగా చెప్పనక్కఱ లేదు. పెద్ద లారీలే అచ్చట అదుపు తప్పినవి. బరువు ట్రాలీ బ్రేకులు లేక ఉన్నచో అది బలము కాదు, గండము. బ్రేకులు లేని పాత ట్రాలీని కొనువారు బ్రేకులు అమర్చు ఖర్చును కూడ వెలలో కలిపి చూడవలయును. కలిపిన వెనుక అది చవుక అనిపించకపోవచ్చును.

రెండు చక్రముల ట్రాలీకిని నాలుగు చక్రముల ట్రాలీకిని గల భేదమును కూడ గుర్తింపవలయును. రెండు చక్రముల ట్రాలీ బరువులో కొంతభాగము నొగ ద్వారా ట్రాక్టరు వెనుకభాగమున ఆనును. అది మితముగా ఉన్నచో వెనుక టైర్లకు నేలపట్టు పెరుగును. దుక్కిలోనుండి బయటపడుటకు తోడ్పడును. మించినచో ముందు చక్రములు తేలి, తిప్పినను ట్రాక్టరు తిరుగదు. సరకును ఇరుసు వెనుకకు పేర్చినచో నొగ పైకి లేచి వెనుక టైర్లు ఉత్తుత్త తిరుగును. నాలుగు చక్రముల ట్రాలీ తన బరువును తానే మోసికొనును. కాని ఇరుకు చేనిగట్లలో వెనుకకు నడుపుట కష్టము. చిన్న కమతములు, సందుబాటలు గలవారికి రెండు చక్రములదే సుకరమని మా అభిప్రాయము.

పాత ట్రాలీని చూడబోవువారు రంగును చూచి మోసపోరాదు. క్రొత్త రంగు క్రింద పాత త్రుప్పు దాగును. రసాయనపు ఎరువులు మోసిన తొట్టి అడుగున రేకు తినివేయబడియుండును. సుత్తితో కొట్టి మ్రోత వినవలయును. నొగ చట్రముతో కలియుచోట నెఱ్ఱెలున్నవేమో, మరల అతికినారేమో దీపము పట్టి చూడవలయును. ఒక్కొక్క చక్రమును జాకీతో లేపి ఇటునటు కదల్చినచో బేరింగుల అరుగుదల తెలియును. పిన్ను దూరు కన్ను కోలగా సాగియున్నచో అది చాలబరువు మోసినదనుటకు గుర్తు. కమానుకట్టలలో విరిగిన ఆకులను లెక్కపెట్టవలయును. ఈ పరీక్షలలో నిలిచిన పాత ట్రాలీ నిజముగా మంచి సొత్తు. ఆనాటి మంద మిప్పుడు అదే వెలకు దొరకదు.

క్రొత్తదానిని చూడబోవువారు అమ్మువాని మాటలను కాక కాటాను నమ్మవలయును. ఉత్త ట్రాలీని కాటాపై తూచి, ఆ బరువును చీటీపై వ్రాయించుకొనవలయును. రేకు మందమెంత, అడుగున అడ్డపట్టీలు ఎన్ని, ఇరుసు కడ్డీ కొలత ఎంత, టైర్లు క్రొత్తవా రబ్బరు వేసినవా అను సంగతులను బిల్లులో చేర్పింపవలయును. అతుకు పొడవునా వేసినదో, అక్కడక్కడ చుక్కలుగా వేసినదో వంగి చూడవలయును. తేలికతనము రెండు విధములు. పనితనముచే వచ్చిన తేలిక మేలు; ఇనుము దొంగిలించుటచే వచ్చిన తేలిక కీడు. చూపునకు రెండును ఒకటిగనే ఉండును.

కాగితముల సంగతి మన రైతులు మిక్కిలి అలక్ష్యము చేయుచున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మోటారు బండి లాగెడి ట్రాలీయు వాహనమే. రాష్ట్రములోనే చేతులు మాఱిన వాహనమును గూర్చి అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రిజిస్ట్రేషను అధికారులకు తెలుపవలయును. దీనికి 29, 30 సంఖ్యల ఫారములు ఉన్నవి. ట్రాలీపై అప్పు తీరినదని ఋణదాత ఒప్పుకొను ఫారము సంఖ్య 35. చట్రముపై కొట్టిన అంకె కాగితములోని అంకెతో సరిపోవలయును. “కాగితములు తరువాత చూతము” అను పాత ట్రాలీని ఎంత చవుకైనను ముట్టరాదు. ప్రమాదము జరిగిననాడు బీమావారు మొదట అడుగునది ఆ కాగితములనే.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ట్రాలీ పాతదైనను క్రొత్తదైనను సరకు కొఱకే గాని మనుష్యుల కొఱకు కాదు. కోతకు, కలుపునకు కూలివారిని, తిరునాళ్లకు ఆడవారిని పిల్లలను తొట్టిలో ఎక్కించుకొని పోవు అలవాటు మన పల్లెలలో విడువలేదు. అది బోల్తాపడినచో కాలువలోనో వంకలోనో ఒక్క ఊరి కుటుంబములెన్నో ఒకేనాడు దీపములేని యిండ్లగును. సరకు ట్రాలీలో ఎక్కినవారికి బీమా పరిహారము దక్కుటయు సందేహమే. రాత్రివేళ వెనుక ఎఱ్ఱ మెఱుగుబిళ్లలు లేక బాటప్రక్కన నిలిపిన ట్రాలీయు మృత్యువే. ఈ బిళ్లల వెల స్వల్పము. ప్రతి సభ్యుడును నేడే అతికింపవలయును.

అప్పు మాట. లక్ష రూపాయలు నూటికి 12 వంతున తెచ్చినచో ఏటికి 12,000 రూపాయలు వడ్డీయే. ట్రాలీ ఆ సొమ్మును, పైన మరమ్మతును, టైర్లను సంపాదింపగలదా యని లెక్కవేయనిదే సంతకము చేయరాదు. మఱియు పంటఋణమును ట్రాలీకి మళ్లింపరాదు. 3 లక్షల లోపు పంటఋణమునకు నూటికి 7 వంతున వడ్డీ. గడువులోగా చెల్లించినవారికి ప్రోత్సాహకము పోగా 4 పడును. ఆ సొమ్మును ఇనుములో పాతిపెట్టి గడువు దాటించుకొనువాడు తక్కువ వడ్డీని చేజేతుల పోగొట్టుకొనుచున్నాడు. యంత్రమునకు దీర్ఘకాల ఋణము వేఱుగా కలదు, దానినే అడుగవలయును.

ఇక మా అభిప్రాయము. సామాన్య సభ్యునికి, అనగా 35 మొదలు 45 అశ్వశక్తి ట్రాక్టరు గలిగి, ఏడాదిలో ఎక్కువ దినములు మేత, ప్రత్తి, వేరుసెనగ, సెనగ, ఉల్లి మూటలు మోయువానికి, చక్కగా చేసిన క్రొత్త తేలిక ట్రాలీయే తగును. మట్టి, ఎరువు, బండలు మోయు బరువు ట్రాలీని సభ్యుడొక్కడు కొననక్కఱ లేదు. దానిని సంఘము కొనవలయును. బ్రేకులు అమర్చి, కాగితములు సరిచేసి, మందమైన పాత ట్రాలీని ఒకదానిని సంఘము తనయొద్ద ఉంచుకొని సభ్యులకు అద్దెకు ఇయ్యవలయును. బరువు ట్రాలీ సంఘమునకు, తేలిక ట్రాలీ సభ్యునకు. ఇదియే మా మాట. బండలు మోయుటయే వృత్తిగా గలవారును, 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరు గలిగి ఏడాది పొడవున బాడుగ తోలువారును దీనికి వేఱు. వారికి పాత బరువు ట్రాలీ సొంతముగా ఉండుట న్యాయమే.

“సంఘపు ట్రాలీ మనకు వేళకు దొరకునా?” అని కొందఱు ఆక్షేపింతురు. ఆలోచింపుడు. కోత పనులు అందఱికి ఒకేసారి వచ్చును. కాని ఆ కాలపు సరకు తేలికది, దానిని ఎవరి ట్రాలీలో వారే మోసికొందురు. చెఱువుమట్టియు పేడయెరువును మోయునది ఎండకాలమున, దుక్కులకు ముందు. అప్పుడు రెండు నెలల వ్యవధి ఉండును. వరుస వ్రాసికొని ఒకరి వెనుక ఒకరు తోలుకొనవచ్చును. బరువు పని తొందరపాటు లేని పని. తొందర పని బరువు లేని పని. ఈ సౌకర్యము మన సీమ వ్యవసాయములోనే ఉండగా దానిని వాడుకొనకుండుట అవివేకము. “అందఱి సొత్తు ఎవ్వరును బాగుచేయరు” అనునది రెండవ ఆక్షేపణ. ఇది నిజమైన భయమే. కావున అద్దెలో కొంతభాగమును మరమ్మతు నిధిగా వేఱుగా ఉంచవలయును. ఇచ్చునప్పుడును తీసికొనునప్పుడును టైర్లు, పిన్ను, బ్రేకులు చూచి పుస్తకములో వ్రాయవలయును. విఱిచినవాడు చెల్లింపవలయును.

1904లో మన దేశమున పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు, ఒంటరి రైతు సాహుకారు ముంగిట నిలువకుండుటయే దాని ఉద్దేశము. నేడు సాహుకారు స్థానమున యంత్రము వచ్చినది. ఇంటింటికి ఒక బరువు యంత్రము, యంత్రము యంత్రమునకు ఒక అప్పు అయినచో మరల ఒంటరి రైతే మిగులును. 2014–15 మొదలు కేంద్ర ప్రభుత్వము యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకు తోడ్పడుచున్నది. మన రాష్ట్రమునను 2022లో రైతు సమూహములకు ట్రాక్టర్లు ఇయ్యబడినవి. ప్రభుత్వము చేయిచ్చినను చేయకున్నను ఒక పాత ట్రాలీ కొనుట ఏ చిన్న సంఘమునకును మించిన పని కాదు.

కావున రానున్న సర్వసభ్య సమావేశమునకు ముందు ప్రతి సంఘమును మూడు సంగతులు వ్రాసి తేవలయునని కోరుచున్నాము: ఊరిలో ట్రాలీలు ఎన్ని, వానిలో బ్రేకులు గలవి ఎన్ని, ఎండకాలమున మట్టియు ఎరువును తోలుకొనదలచినవారు ఎందఱు. ఈ లెక్క చేతికి వచ్చిన వెనుక ఏది కొనవలయునో, ఎవరు కొనవలయునో తగవు పడనక్కఱ లేకయే తేలును. అంతవఱకు సభ్యులెవ్వరును బయానా ఇయ్యవలదని మా మనవి.